రంగు వెలిసిన గిటారు

"ఆ రోజుల్లో వస్తువంటే వస్తువండీ! ఇప్పుడేముంది, అంతా రేకు సరుకు." ఈ మాట మీ ఇంట్లో వినపడని వారం ఏదైనా ఉంటే నాకో కార్డు ముక్క రాసి పడెయ్యండి. ఇత్తడి బిందె దగ్గర మొదలై, టేకు మంచం మీదుగా, గోడ గడియారం దాకా వచ్చిన ఈ మాట ఇప్పుడు గిటారు మీదికి కూడా ఎక్కి కూర్చుంది. గిటారంటే మామూలుది కాదు, కరెంటు గిటారు.

మా తమ్ముడు నలభై అయిదో ఏట ఆ గిటారు చేతబట్టాడు. పట్టుకుంటే సంతోషమే. సాయంత్రం పూట టీవీ ముందు కూలబడే కంటే నయం కదా! కానీ ఆరు నెలలు తిరక్కుండానే వాడికో జ్ఞానోదయం అయింది. తన వేళ్ళు సరిగ్గా పలకకపోవడానికి కారణం గిటారు కొత్తది కావడమేనట! 1974 నాటి అమెరికా గిటారు ఒకటి అమ్మకానికి ఉందట, మూడు లక్షల పైచిలుకట, అలాంటి పనితనం ఇక పుట్టదట. "ఏం చెయ్యమంటారు వదినా?" అని మా మరదలు నన్నడిగింది. అడక్కపోయినా చెప్పేదాన్నే అనుకోండి. పెళ్ళికి ముందు ఏడేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని, తీగా మెట్లూ నాకు తెలియనివి కావు. పైగా మూడు నెలలుగా ఈ గిటార్ల పుట్టుపూర్వోత్తరాలు పనిగట్టుకుని చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు ఒళ్ళు మండుకొస్తోంది. ఎందుకో చెబుతాను.

ముందుగా ఈ వస్తువేమిటో కాస్త చూద్దాం. మన వీణకు కుండ ఉంటుంది. పనస చెక్కను లోపల డొల్లగా తొలిస్తే ఆ డొల్లలోంచి నాదం పుడుతుంది. అక్కడ చెక్క వయసూ, ఎండిన తీరూ, తొలిచిన చెయ్యీ అన్నీ లెక్కలోకి వస్తాయి. కరెంటు గిటారుకు, ముఖ్యంగా ఇప్పుడు మనం మాట్లాడుకునే రకానికి, డొల్ల లేదు. నిండు చెక్క, దాని మీద ఉక్కు తీగలు, తీగల కింద పికప్ అనే చిన్న బిళ్ళ. ఆ బిళ్ళలో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ సుమారు ఎనిమిది వేల చుట్లు. మన వీధి చివర మోటారు వైండింగు షాపులో చూస్తాం చూడండి, అలాంటి పనే, కాకపోతే మరీ సన్నం. ఉక్కు తీగ కదిలితే రాగి చుట్టలో కరెంటు పుడుతుంది, దాన్ని పెట్టెలో పెద్దది చేసి వినిపిస్తారు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారి చేతిలో ఉన్నదీ ఇలాంటి వాద్యమే. ఆ చిన్న కరెంటు మాండొలిన్‌కు అయిదు తీగలు బిగించి, కర్ణాటక సంగీతంలోని గమకాలన్నీ పలికించారు. ఆయన కచేరీ విని వచ్చి "చెక్క ఏ సంవత్సరానిదో!" అని ఎవరైనా అన్నారా?

పాత గిటార్ల భక్తులు చెప్పే మొదటి కథ, వాటిని పెద్ద పెద్ద శిల్పులు తపస్సు చేసినట్టు ఒక్కొక్కటే చెక్కారని. శుద్ధ అబద్ధం. ఈ భక్తులు తలకెత్తుకునే పేర్లలో మొదటిది ఫెండర్. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసుకునే మనిషి. గిటారు వాయించడం ఆయనకు రాదు. 1950లో ఆయన అమ్మకానికి తెచ్చిన గిటారు గొప్పదనమంతా దాన్ని సులువుగా, చవకగా, ఒకదానిలాగే ఇంకొకటి వచ్చేలా చెయ్యగలగడంలో ఉంది. అచ్చు పెట్టి చెక్క కొయ్యడం, మెడను జిగురుతో అతికించే శ్రమ లేకుండా నాలుగు మరలతో బిగించెయ్యడం. పాడైతే మరలు విప్పి మరో మెడ బిగించుకోవచ్చు. తపస్సు కాదమ్మా, ఫ్యాక్టరీ! 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా ఆ ఫ్యాక్టరీదే, ధర 249 డాలర్ల 50 సెంట్లు. నిజానికి ఇందులో తప్పేముంది? అది గొప్ప తెలివి. దాన్ని పొగడదలిస్తే దాన్నే పొగడాలి గాని, లేని శిల్పిని తెచ్చి కూర్చోబెట్టడమెందుకు?

రెండో కథ, పాతవాటిలో లోపం ఉండేది కాదని. 1950లో మొదట చేసిన కొన్ని గిటార్ల మెడలో ఇనప ఊచ పెట్టలేదు, తీగల లాగుడుకు మెడ వంగింది, ఊచ పెట్టక తప్పలేదు. అవతల గిబ్సన్ కంపెనీ 1952లో లెస్ పాల్ అనే వాద్యకారుడి పేర తెచ్చిన గిటారులో మెడ సరైన వాలులో అమరక, తీగల్ని గుర్రం పైనుంచి కాకుండా కిందనుంచి చుట్టాల్సి వచ్చింది. కుడిచేతి అంచుతో తీగలు అదిమి వాయించడానికి వీల్లేకుండా పోయింది. మరుసటేడే మార్చుకున్నారు. 1960 ప్రాంతపు ఫెండర్ గిటార్ల మీద తాపడం చేసిన సెల్యులాయిడ్ రేకులు కాలక్రమాన ముడుచుకుపోయి మర దగ్గర చిట్లుతాయి. ఆనాటి గిబ్సన్ బిరడల ప్లాస్టిక్ గుండీలు ఎండిన ఖర్జూరప్పళ్ళలా ముడుచుకుని చేతిలోనే పొడి అయిపోతాయి.

ఇక అన్నిటికంటే నాకు నవ్వొచ్చేది ఆ రంగు కథ. 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ వాళ్ళు లెస్ పాల్ గిటారును నడుమ పసుపూ అంచున ఎరుపూ వచ్చేలా, సంధ్యాకాశం మాదిరి రంగు వేసి అమ్మారు. ఆ ఎర్ర రంగు నికరమైనది కాదు. షాపు అద్దాల వెనక నాలుగు నెలలు ఎండ తగిలితే వెలిసిపోయేది. కంపెనీయే తప్పు గ్రహించి 1960లో రంగు మార్చుకుంది. ఆ గిటార్లు అప్పట్లో సరిగ్గా అమ్ముడుపోనూ లేదు, ఆ నమూనానే మానేశారు. మొత్తం మీద రెండు వేలకు మించి చేసి ఉండరు. ఇవాళ వాటి ధర లక్షల డాలర్లు! అందులోనూ ఎరుపు వెలిసిపోయిన తీరును బట్టి ముద్దు పేర్లు, నిమ్మపండు రంగనీ, తేనె రంగనీ. మనం కొన్న చీర రెండో ఉతుక్కే రంగు వదిలితే షాపువాడి మొహాన కొట్టి వస్తాం. మగవాళ్ళు కొన్న గిటారు రంగు వదిలితే దానికి కవిత్వం రాస్తారు.

ఇంకా ఉంది, వినండి. వెలిసినవీ, గీతలు పడ్డవీ అందరికీ దొరకవు కదా. అందుకని 1995లో ఫెండర్ కంపెనీ కొత్త గిటార్లనే గీకి, పెచ్చులు లేపి, లోహానికి తుప్పు పట్టించి ఎక్కువ ధరకు అమ్మడం మొదలెట్టింది. జనం ఎగబడి కొన్నారు. సొట్టలు పెట్టి ఇచ్చిన స్టీలు బేసినుకు మీరు పదిరూపాయలు ఎక్కువ ఇస్తారా? నేనివ్వను.

"మరి ఇన్నేళ్ళు నిలిచాయి కదా!" అంటాడు మా తమ్ముడు. నిలిచినవి కనిపిస్తున్నాయి నాయనా, నిలవనివి ఎక్కడ కనిపిస్తాయి? మా అత్తగారి ఇత్తడి బిందె ఇంకా ఉంది. దాంతోబాటు కొన్న మరో నాలుగు బిందెలు చిల్లులు పడి, పాత సామాన్లవాడి తక్కెట్లోకి పోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ చూపించి "ఆ రోజుల్లో బిందెలు!" అంటారు. ఆ ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించకపోతే పులుసు చిలుమెక్కేదని గాని, వాటిని చింతపండు పెట్టి తోమి తోమి ఆవిడ అరచేతులు బండబారాయని గాని ఎవరూ అనరు. పాతకాలాన్ని ఎక్కువగా పొగిడేది ఆ కాలంలో అంట్లు తోమనివాళ్ళే. గిటార్ల విషయమూ అంతే. వంగినవీ, చిట్లినవీ, పలకనివీ ఏనాడో చెత్తలో కలిశాయి. వాయిద్యకారులు ముచ్చటపడి దాచుకున్నవే మనదాకా వచ్చాయి.

పోనీ వినికిడికైనా తేడా తెలుస్తుందా? దీన్ని వయొలిన్ల మీద పరీక్షించిన మహాతల్లి ఒకావిడ ఉన్నారు, పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివిన క్లాడియా ఫ్రిట్జ్. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్ వయొలిన్ పోటీల దగ్గర ఇరవైఒక్క మంది వాద్యకారులకు నల్ల కళ్ళద్దాలు పెట్టి, మసక వెలుతురు గదిలో ఆరు వయొలిన్లు ఇచ్చారు. మూడు కొత్తవి, మూడు ఇటలీ మహామహులు చేసిన పాతవి, అందులో రెండు స్ట్రాడివారివి. వాసన బట్టి పాతది పసిగడతారేమోనని గడ్డం ఆనించే చోట అత్తరు కూడా రాశారట! ఎక్కువమంది మెచ్చింది కొత్తదాన్ని. అందరికంటే తక్కువ మెప్పు పొందింది ఒక స్ట్రాడివారి. 2012లో పారిస్ దగ్గర పదిమంది పేరుమోసిన వాద్యకారులతో మళ్ళీ చేస్తే, ఆరుగురు కొత్త వయొలినే కావాలన్నారు. నిలువునా నాదం పుట్టే డొల్ల వాద్యంలోనే ఇలా ఉంటే, నిండు చెక్క గిటారులో వయసు మహిమ ఎంతని నమ్మమంటారు?

అయితే కొత్తవి చెడ్డవన్న మాట ఎక్కడినుంచి పుట్టింది? నిప్పు లేందే పొగ రాదు, ఆ నిప్పు ఎక్కడుందో కూడా చెబుతాను. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీని సి.బి.యస్. అనే రేడియో-టెలివిజన్ సంస్థ కోటీ ముప్పై లక్షల డాలర్లకు కొనేసింది. ఆ తర్వాత లెక్కలవాళ్ళ రాజ్యం వచ్చింది. చెక్క మీద పాలిస్టర్ పూత మందంగా పులిమారు. 1971 నుంచి స్ట్రాటోకాస్టర్ మెడకు నాలుగు మరల బదులు మూడే బిగించారు, అమరిక వదులుగా ఉన్నచోట మెడ పక్కకి జరిగేది. గిబ్సన్ కూడా 1970 నాటికి నార్లిన్ అనే సంస్థ చేతికి పోయి, చెక్క ముక్కలు అతికించి ఒళ్ళు తయారు చేసే స్థితికి వచ్చింది. వాద్యకారులు విసిగిపోయి "పాతవే నయం" అన్నారు. ఆనాడు ఆ మాట న్యాయమే. ఇంతలో జపాన్‌లో టొకై వంటి కంపెనీలు ఆ పాత నమూనాలనే ఎంత చక్కగా చేశాయంటే, 1982లో ఫెండరే అక్కడ కంపెనీ పెట్టుకోవలసి వచ్చింది. చూశారా, అదే ఏళ్ళలో అమెరికా గిటారు దిగజారింది, జపాన్ గిటారు లేచింది. ఇందులో కాలం పాత్ర ఏముంది? యజమాని పీనాసితనం పాత్ర ఉంది.

మా తమ్ముడు మనసు పడ్డ గిటారు ఏ సంవత్సరానిదన్నాను? 1974. అంటే భక్తులే ముక్కు మూసుకునే రోజులది, మూడు మరల కాలపుది! యాభై ఏళ్ళు గడిచేసరికి దానికీ పవిత్రత వచ్చేసింది. పింక్ ఫ్లాయిడ్ బృందంలోని డేవిడ్ గిల్మర్ నల్ల గిటారు 2019లో వేలానికి వస్తే దాదాపు నలభై లక్షల డాలర్లు పలికింది. అది 1969 నాటిది, సి.బి.యస్. రోజులదే. పైగా ఆయన దాని మెడ మార్చాడు, పికప్ మార్చాడు, కావలసిన చోటల్లా కోశాడు. పిడి మూడుసార్లూ, గొడ్డలి రెండుసార్లూ మార్చిన తాతగారి గొడ్డలన్నమాట. ఆ డబ్బు ఆయన చేతికి గాని చెక్కకా?

ఇక నాకు ఒళ్ళు మండిన సంగతికి వస్తాను.

1950లలో చేసిన కొన్ని స్ట్రాటోకాస్టర్ల మూత విప్పితే లోపల చిన్న కాగితపు టేపు ముక్క అతికించి ఉంటుంది. దాని మీద తేదీ, ఒక పేరు. మేరీ. గ్లోరియా. వర్జీనియా. లోపలి తీగలు అతికి, ముక్కలు బిగించిన అమ్మాయిల పేర్లవి. ఈనాడు కోటీశ్వరులు ఆ టేపు ముక్కను బ్యాటరీ లైటు వేసి, భూతద్దం పెట్టి వెతుకుతారు. అది ఉంటే సరుకు అసలైనదని రుజువు, ధర పెరుగుతుంది. పుస్తకాల్లో లియో ఫెండర్‌కు అధ్యాయాలు, మేరీకి టేపు ముక్క!

పాత గిటారు ధ్వనికి ప్రాణం అని వీళ్ళే చెప్పే ఆ పికప్‌లు చుట్టింది ఎవరు? ఆడవాళ్ళు. గిరగిర తిరిగే యంత్రం ముందు కూర్చుని, వెంట్రుకంత తీగను వేళ్ళ మధ్య పట్టుకుని, తెగకుండా, వదులు కాకుండా వేల చుట్లు తిప్పినవాళ్ళు. అబిగైల్ ఇబారా అనే ఆవిడ 1956లో ఫెండర్‌లో చేరి ఈ పని చేశారు, 2013లో విరమించారు. యాభై ఏడేళ్ళు! ఆఖరి రోజుల్లో ఆవిడ సంతకం ఉన్న పికప్‌ల కోసం జనం ఎగబడ్డారనుకోండి, అది కొంతలో కొంత న్యాయం. గిబ్సన్‌లో 1950ల చివర చేసిన పికప్‌లలో ఒకదాని చుట్లు ఎక్కువ, ఇంకొకదానివి తక్కువ, అయస్కాంతాలు కూడా ఒక్క రకం కాదు. అందుకే వాటిలో కొన్ని తేనెలా పలుకుతాయి, కొన్ని మూగగా ఉంటాయి. దాన్నిప్పుడు "ఆ సంవత్సరపు మహిమ" అంటున్నారు. సంవత్సరం తీగ చుట్టలేదండీ, మనిషి చుట్టింది.

అంతకుముందు సంగతి మరీ విడ్డూరం. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యానికి పోతే, మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఊళ్ళో గిబ్సన్ ఫ్యాక్టరీని నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళే. కరెంటు లేని మామూలు గిటార్లు వేలకొద్దీ చేశారు. ఆ కంపెనీ మాత్రం యుద్ధకాలంలో గిటార్లు చెయ్యడం ఆపేశామని చెప్పుకుంటూ వచ్చింది. ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డ ఒక పాత ఫొటో పట్టుకుని జాన్ థామస్ అనే ఆయన ఆరా తీసి 2012లో పుస్తకం రాసేదాకా లోకానికి తెలియలేదు. ఆ యుద్ధకాలపు గిటార్ల కోసం అప్పటికే జనం వెతుక్కుంటున్నారు సుమండీ, చేసిందెవరో తెలియకుండానే!

కొత్త గిటారు మాత్రం ఊడిపడుతుందా? ఒంటి చెక్కను కంప్యూటరు నడిపే యంత్రం కోస్తుంది, నిజమే, అందుకే ఇవాళ్టి చవక గిటారులో కూడా మెడ అమరిక 1971 నాటి ఖరీదైన దానికంటే బాగుంటుంది. దానికి నేను యంత్రానికి దణ్ణం పెడతాను. అయినా మెట్లు కొట్టాలి, ఆకురాయి పట్టాలి, తీగలు అతకాలి. ఆ చేతులు ఇప్పుడు ఇండొనేషియాలో, చైనాలో ఉన్నాయి. వాటి గతి ఎలా ఉంటుందో కొరియా చెబుతుంది. పేరున్న కంపెనీలకు గిటార్లు చేసిపెట్టే కోర్ట్ సంస్థ 2007లో అక్కడి ఫ్యాక్టరీలు మూసి పని వేరే దేశాలకు తరలించింది. రోడ్డున పడ్డ కార్మికుల పోరాటం 2019లో గాని ఒప్పందానికి రాలేదు. పన్నెండేళ్ళు! "కొత్తవాటిలో పనితనం లేదు" అని కుర్చీలో వెనక్కి వాలి అనేవాళ్ళు ఈ పన్నెండేళ్ళ సంగతి ఎప్పుడైనా విన్నారా? పనితనం ఉంది. దానికి ఇచ్చే కూలీయే లేదు.

కొత్త గిటార్లన్నీ మేలైనవని నేను అనడం లేదు. లోపల వలయాలన్నీ ఒకే అట్ట మీద ముద్రించి, ఒక చిన్న ముక్క పోతే మొత్తం పారెయ్యమనే రకాలున్నాయి. పేరుకే డబ్బు తీసుకునే రకాలున్నాయి. నా వాదమల్లా, సంవత్సరం చూసి కొనొద్దు, వస్తువు చూసి కొనమని. మా మేనకోడలి గిటారు ఇండొనేషియాలో చేసింది, వాళ్ళ నాన్న మోజుపడ్డ దాని ఖరీదులో పదో వంతు కూడా కాదు. దాని మీద ఆ పిల్ల పలికించే మోహన విని తీరాలి.

మీ అమ్మాయికో అబ్బాయికో కొనాల్సి వస్తే మీరూ షాపుకి వెళ్ళండి. "నాకేం తెలుస్తుంది" అనకండి, సరళీ స్వరాలు వచ్చినవాళ్ళు చాలు. మెడ అంచు వెంట వేలు పైనుంచి కిందకి జార్చండి, మెట్ల చివరలు గీరుకుంటే వద్దనండి. ఎండకీ ఏసీకీ చెక్క ముడుచుకుంటే అవి ఇంకా పొడుచుకొస్తాయి. ఒక్కో బిరడా తిప్పి చూడండి, తిప్పిన చోట నిలవాలి. ఒక కన్ను మూసుకుని మెడ కొసనుంచి చూస్తే వంకర తెలిసిపోతుంది. తర్వాత తీగను ఉత్తగా మీటి, అదే తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటమనండి. మొదటిది షడ్జమం అనుకుంటే రెండోది సరిగ్గా తారస్థాయి షడ్జమం కావాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా మన చెవికి దొరుకుతుంది. దొరికితే కంగారుపడకండి, గుర్రం దగ్గర ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని తిప్పి సరిచెయ్యొచ్చు. ఆ మర తిరుగుతోందో, బిగుసుకుపోయిందో కూడా డబ్బు ఇచ్చేముందే చూసుకోండి.